మాట రాని బిడ్డకు తోడైనవారు

భద్రాచలం చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడు మనం కంచెర్ల గోపన్నతో మొదలుపెడతాం. ఆలయం, ఆభరణాలు, గోలకొండ చెరసాల, చైత్ర శుద్ధ నవమినాటి కల్యాణం—ఈ వరుస తెలుగువారికి కంఠస్థం. కాని ఆ పట్టణానికి మరొక చరిత్ర కూడా ఉన్నది. అది దూరాన్ని గూర్చిన చరిత్ర. 1860లో నైజాం ఏలుబడి నుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చిన ఈ ప్రాంతం 1874లో గోదావరి జిల్లాలో చేరినది. 1959లో ఖమ్మం జిల్లాకు మారినది. 2014లో చుట్టుపట్ల పల్లెలు అనేకం ఆంధ్రప్రదేశ్‌కు పోగా, పట్టణం మాత్రం తెలంగాణలో నిలిచినది. 2016 అక్టోబరు 11వ తేదీన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. భద్రాచలం రోడ్డు అని పేరుగల రైలు స్టేషను సైతం భద్రాచలంలో లేదు. సుమారు 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉన్నది. కచేరీలు ఎటు మారితే సామాన్యుని నడక అటు మారినది గాని, ఆ నడక మాత్రం తగ్గలేదు.

ఇటువంటి అడవి అంచున ఒక కుటుంబంలో బిడ్డ పుట్టి, రెండేళ్లు నిండినా పలకక, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడక, తన లోకంలో తాను ఉండిపోయినప్పుడు ఆ తల్లి ఎవరి దగ్గరకు పోవాలి? ఈ ప్రశ్నకు ఇవాళ కొంత సమాధానం ఉన్నది. డెబ్బది ఏళ్ల క్రితం ఏమీ లేదు. ఆ సమాధానాన్ని కూర్చినవారు ఎవరు, వారు ఎక్కడి నుండి వచ్చినారు, ఇంకా ఎంత దూరం రావలసి ఉన్నది అనేదే ఈ ప్రసంగానికి విషయం.

ఆ స్థితికి వైద్యులు పెట్టిన పేరు ఆటిజం. ఇది అంటువ్యాధి కాదు, పెంపకంలోని లోపం కాదు, దయ్యం అంతకన్నా కాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఏర్పడే ఒక భేదం. ఎదుటివారి చూపును, సైగను, మాటను మనవలె గ్రహించడం ఆ బిడ్డకు కష్టం. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం, ఒకే క్రమాన్ని పట్టుకొని ఉండడం, కొన్ని శబ్దాలను, స్పర్శలను సహించలేకపోవడం సాధారణ లక్షణాలు. కొందరిలో బుద్ధిమాంద్యం కూడా తోడవుతుంది. కొందరు చదువులో తోటివారిని మించుతారు. కొందరికి మాట ఎన్నటికీ రాదు. కొందరు ధారాళంగా మాట్లాడుతారు గాని, మాటల వెనుక ఉన్న మనసును పట్టుకోలేరు. మందుతో పోయే వ్యాధి కాదు గనుక ఇక్కడ వైద్యుని పాత్ర తక్కువ, తోడు ఉండేవారి పాత్ర ఎక్కువ. అందుచేత ఆటిజం సేవ యొక్క చరిత్ర భవనాల చరిత్ర కాదు, మందుల చరిత్ర కాదు, మనుషుల చరిత్ర.

ఆ మనుషులలో కొందరి పేర్లు గ్రంథాలకు ఎక్కినవి. ఎక్కువమంది పేర్లు ఎక్కలేదు. ఇందుకు తొలి ఉదాహరణ ఫ్రాన్సు దేశంలో కనబడుతుంది. 1800 ప్రాంతంలో ఆవేరాన్ అడవుల నుండి ఒక బాలుడు ఊళ్లోకి వచ్చినాడు. మాట రాదు, బట్ట కట్టడం తెలియదు. అప్పటి పండితులు అతనిని అడవి మనిషి అన్నారు. ఇటీవలి పరిశోధకులు కొందరు అతనిది ఆటిజం కావచ్చునని అభిప్రాయపడినారు. ఇటార్ అనే యువవైద్యుడు అతనికి విక్టర్ అని పేరు పెట్టి, అయిదారేళ్లు చదువు చెప్పడానికి ప్రయత్నించి, ఆ అనుభవాన్ని గ్రంథస్థం చేసినాడు. ఇటార్ పేరు లోకానికి తెలుసు. కాని విక్టర్‌కు అన్నం పెట్టినది, స్నానం చేయించినది, వైద్యుడు నిరాశతో విడిచిన తరువాత కూడా 1828లో అతడు చనిపోయేవరకు ఇంట్లో పెట్టుకొని సాకినది గెరాన్ అనే ఇల్లాలు. ప్రభుత్వం ఆమెకు కొద్దిపాటి జీతం ఇచ్చినది. ఆమె ఏ గ్రంథమూ రాయలేదు.

ఇటార్ శిష్యుడు సెగాన్. ఈతడు బుద్ధిమాంద్యం గల పిల్లలకు చేతిపనుల ద్వారా, ఇంద్రియాల ద్వారా విద్య నేర్పే మార్గాన్ని రూపొందించినాడు. ఈ ఇద్దరి గ్రంథాలను రోము నగరంలో ఒక స్త్రీ స్వహస్తంతో తన భాషలోకి రాసుకున్నది. ఆమె డాక్టర్ మరియా మాంటిస్సోరి. ఆమె మొట్టమొదట పాఠం చెప్పినది బుద్ధిమాంద్యం గల పిల్లలకేనని మనలో చాలామందికి తెలియదు. ఆ పద్ధతినే 1907 నుండి సామాన్య బాలలకు అన్వయించి ఆమె ప్రపంచప్రసిద్ధి పొందినది. 1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి, వందల మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. ఫ్రాన్సు అడవి నుండి వచ్చిన ఒక మూగబాలుని కోసం మొదలైన విద్య, ఈ విధంగా నూటనలభై ఏళ్లకు దక్షిణదేశానికి చేరినది.

ఇక ఆటిజం అనే పేరు ఎట్లా వచ్చినదో చూద్దాం. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు 11 మంది బాలబాలికలను గూర్చి ఒక వ్యాసం ప్రకటించినాడు. వారిలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న పట్టణం అతనిది. మూడేళ్ల వయస్సులో అతనిని ఒక ఆశ్రమంలో చేర్చి మరచిపొమ్మని వైద్యులు సలహా చెప్పినారు. తల్లిదండ్రులు చేర్చినారు, కాని మరచిపోలేకపోయినారు. ఒక ఏడాది గడిచిన తరువాత వెనుకకు తెచ్చుకున్నారు. తండ్రి తన కుమారుని నడవడిని 33 పుటల లేఖగా రాసి కానర్‌కు పంపినాడు. వైద్యశాస్త్రంలో ఆటిజానికి లభించిన తొలి సమగ్ర వర్ణనకు ఆధారం ఒక తండ్రి రాసిన ఉత్తరం!

అదే కాలంలో ఐరోపాలోని వియన్నా నగరంలో హాన్స్ ఆస్పెర్గర్ అనే వైద్యుడు ఇటువంటి పిల్లలనే గమనిస్తూ, 1944లో తన వ్యాసాన్ని ప్రకటించినాడు. ఆ ఆసుపత్రి వార్డులో పిల్లలకు ఆటలు, పాటలు, దినచర్య ఏర్పరచినది సిస్టర్ విక్టోరిన్ జాక్ అనే నర్సు. 1944లో ఆ వార్డుపై బాంబు పడి ఆమె మరణించినది. వైద్యుని పేరు ఆ తరువాత ఒక లక్షణసముదాయానికే పేరైనది. అతడు నాజీ పాలకులకు సహకరించి, కొందరు పిల్లలను మృత్యువు పాలు చేసిన సంస్థకు పంపినాడని 2018లో చరిత్రకారులు పత్రాలతో నిరూపించినారు. పిల్లలను పేరుపేరున పలకరించిన నర్సు మరుగున పడిపోయినది. వారిలో కొందరిని మృత్యుముఖానికి పంపిన వైద్యుడు దశాబ్దాలపాటు కీర్తి అనుభవించినాడు. ఎవరిని స్మరించాలో చరిత్ర ఎప్పుడూ సరిగా ఎంచుకోదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

పేరు పెట్టినంత మాత్రాన కష్టం తీరలేదు. ఒక కొత్త కష్టం మొదలైనది. తల్లి హృదయం చల్లబడినందువల్లనే బిడ్డ మూగబోయినాడని కొందరు పండితులు సిద్ధాంతం చేసినారు. చికాగోలోని బెట్టెల్‌హీమ్ 1967లో వెలువరించిన గ్రంథం ఈ వాదాన్ని ఇంటింటికి చేర్చినది. బిడ్డను చూసి కుమిలిపోతున్న తల్లిపైనే నేరం మోపినారన్న మాట! దీనిని ఎదిరించినది మరొక తండ్రి. అమెరికా నౌకాదళంలో మనస్తత్వశాస్త్రజ్ఞుడైన బెర్నార్డ్ రిమ్లాండ్ కుమారునికి ఆటిజం ఉండేది. అతడు గ్రంథాలయాలన్నీ గాలించి, ఇది మెదడుకు సంబంధించినదే గాని తల్లి ప్రేమకు సంబంధించినది కాదని 1964లో ఒక గ్రంథం ద్వారా వాదించినాడు. మరుసటి ఏడు అతనితో కలిసి తల్లిదండ్రులు ఒక జాతీయ సంఘాన్ని స్థాపించినారు. 1969లో అదే సంఘపు సభలో నిలిచి, కానర్ తల్లిదండ్రులను నిర్దోషులుగా ప్రకటించినాడు. శాస్త్రజ్ఞుడు తల్లుల ఎదుట నిలబడి తీర్పును వెనుకకు తీసుకొనడం అరుదైన ఘట్టం.

లండనులో దారి కొంత ముందే పడినది. 1962లో కొందరు తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడినారు. వారిలో హెలెన్ అలిసన్ ఒకరు. మనోవైద్యురాలైన లోర్నా వింగ్ ఒకరు. లోర్నా వింగ్ కుమార్తెకు కూడా ఆటిజమే. ఆ సంవత్సరమే సిబిల్ ఎల్గార్ అనే ఆమె, మాంటిస్సోరి విద్యలో శిక్షణ పొందినది, తన ఇంటి అడుగు అంతస్తులోనే కొద్దిమంది పిల్లలకు పాఠం చెప్పడం ప్రారంభించినది. చదువు రాదని తేల్చివేయబడిన పిల్లలు ఆమె దగ్గర బొత్తాములు పెట్టుకొనడం, అక్షరాలు గుర్తించడం, తోటివారి పక్కన కూర్చొనడం నేర్చినారు. తల్లిదండ్రులు దానిని చూసి చందాలు పోగుచేసి, 1965లో ఆమె కోసం ఒక పాఠశాల నెలకొల్పినారు. ఆ పిల్లలు పెద్దవారైనప్పుడు వారి నివాసం కోసం 1974లో సోమర్సెట్‌లో మరొక సంస్థ వెలసినది. లోర్నా వింగ్ తన సహచరి జూడిత్ గూల్డ్‌తో కలిసి 1979లో ప్రకటించిన పరిశోధన, ఆటిజం ఒకే రూపంలో ఉండదని, సప్తవర్ణాలవలె పలు ఛాయలలో ఉంటుందని లోకానికి నేర్పినది.

గమనించండి: ముందు తల్లిదండ్రులు, వెంబడే ఒక ఉపాధ్యాయిని, ఆ తరువాత పాఠశాల, చిట్టచివర ప్రభుత్వం. ఈ క్రమం దేశదేశాల్లో పునరావృతమైనది. మన దేశంలోనూ అంతే.

అంతకు పూర్వం మనకున్నవి పిచ్చాసుపత్రులే. విశాఖపట్నంలో అటువంటిది 1871 నాటికే ఉన్నది. నైజాం రాజ్యంలో జాల్నాలో ఉండిన ఆసుపత్రిని 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు తరలించినారు. 1912 నాటి చట్టం ఉన్మాదానికి, పుట్టుకతో వచ్చిన బుద్ధిమాంద్యానికి పెద్ద తేడా చూపలేదు. ఇటువంటి కాలంలో, 1944లో, బొంబాయిలో జై వకీల్, ఆమె భర్త హోర్ముస్జీ తమ కుమార్తె కోసం, ఆమెవంటి మరికొందరు పిల్లల కోసం తమ ఇంటిలోనే పాఠశాల తెరచినారు. తెలుగునాట హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ పేరిట బుద్ధిమాంద్యం గల పిల్లల సంస్థ 1968లో వెలసినది. 1977లో సికిందరాబాదులో డాక్టర్ పి. హనుమంతరావు స్థాపించిన స్వీకార్ సంస్థ వాక్చికిత్స, వ్యాయామచికిత్స, ప్రత్యేక విద్యలను ఒక్క కప్పు కిందకు తెచ్చినది. 1984లో కేంద్ర ప్రభుత్వం సికిందరాబాదులోని మనోవికాసనగర్‌లో బుద్ధిమాంద్యం గలవారికి జాతీయ సంస్థను నెలకొల్పినది. ఆ సంస్థ తరువాతి కాలంలో పేరు మార్చుకొని, నేటికీ అక్కడే ఉన్నది.

ఈ జాతీయ సంస్థ చేసిన ముఖ్యమైన పని పిల్లలకు చికిత్స చేయడం కన్న పనివారిని తయారుచేయడం. ప్రత్యేక విద్యలో డిప్లొమా పొందినవారు ఇక్కడి నుండి దక్షిణదేశమంతటికీ వెళ్లినారు. ఉపాధ్యాయులకు కరదీపికలు, తల్లిదండ్రులకు చిన్న పుస్తకాలు ఇక్కడ తయారైనవి. దేశపు నలుమూలల నుండి తల్లిదండ్రుల సంఘాలను ఇక్కడ సమావేశపరచిన ఫలితంగా, 1995లో 'పరివార్' అనే జాతీయ సమాఖ్య రూపొందినది. 1992లో పార్లమెంటు చేసిన పునరావాస మండలి చట్టం ప్రకారం శిక్షణ పొంది, పేరు నమోదు చేయించుకున్నవారే ఈ వృత్తి చేయాలన్న నియమం వచ్చినది. అంతవరకు దయగా ఉన్నది వృత్తిగా మారినది. దయకు జీతం అక్కరలేదు. వృత్తికి జీతం కావాలి. ఈ తేడాను తరువాత మళ్లీ తలచుకుందాం.

ప్రత్యేకించి ఆటిజానికే ఒక సంస్థ కావాలన్న తలంపును మన దేశంలో బలంగా ముందుకు తెచ్చినది ఢిల్లీలో మెరీ బారువా అనే తల్లి. ఆమె కుమారునికి ఆటిజం. అప్పటికి మన దేశంలో ఎక్కువమంది వైద్యులకు ఆ పేరే పరిచయం లేదు. ఆమె 1991లో 'యాక్షన్ ఫర్ ఆటిజం' అనే లాభాపేక్ష లేని సంస్థను స్థాపించి, 1994లో 'ఓపెన్ డోర్' అనే పాఠశాలను ప్రారంభించినది. పిల్లలకు పాఠం చెప్పడంతో ఊరుకోక, ఉపాధ్యాయులకు ఆటిజంలో ప్రత్యేక డిప్లొమా శిక్షణ కూడా ఆ సంస్థ చేపట్టినది. తల్లిని, బిడ్డను కలిపి కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చే పద్ధతిని సైతం ప్రవేశపెట్టినది. సికిందరాబాదులో మంజులా కల్యాణ్ 1991లో స్థాపించిన స్వయంకృషి, బుద్ధిమాంద్యం గల స్త్రీలు వీధిలో సామాన్య కుటుంబంవలె కలిసి నివసించే గృహాలను ఏర్పాటుచేసినది. ఈ సంస్థలకు నాయకత్వం వహించినవారిలో స్త్రీలు, అందులోనూ తల్లులు ఎందరో ఉండడం యాదృచ్ఛికం కాదు. ఇంట్లో రాత్రి నిద్రలేని మనిషికే పగటిపూట ఏమి కావాలో తెలుస్తుంది.

చట్టాన్ని కదిలించినది కూడా వీరే. 1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించినది. ఆటిజం వాటిలో లేదు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. 1999లో వచ్చిన జాతీయ న్యాసం చట్టంలో ఆ పేరు చేరినది. మేము పోయిన తరువాత ఈ బిడ్డకు దిక్కెవరు అన్న ప్రశ్నకు ఆ చట్టం ఒక మార్గం చూపినది: జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక సంఘం, పెద్దవాడైన వ్యక్తికి సంరక్షకుని నియమించవచ్చును. 2009లో జాతీయ సంస్థ, ఆటిజాన్ని కొలవడానికి 40 అంశాలతో భారతీయ కొలమానాన్ని రూపొందించినది. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తించి, ఆటిజాన్ని వాటిలో చేర్చినది. 1995 నుండి 2016 వరకు 21 ఏళ్లు! ఆ ఏళ్లలో పుట్టిన బిడ్డ పెద్దవాడై, వయోజనుడైనాడు.

ఇప్పుడు తిరిగి భద్రాచలం వద్దాం. ఢిల్లీలో, సికిందరాబాదులో మొదలైన విద్య అడవి అంచుకు ఎవరి కాళ్లపై వస్తున్నది? హైదరాబాదుకు ఇక్కడి నుండి 300 కిలోమీటర్లకు పైగా దూరం. వారానికి మూడుమార్లు వాక్చికిత్సకు తీసుకొనిరమ్మని ఒక కూలి కుటుంబానికి చెప్పడం, రావద్దని చెప్పడమే.

ఇక్కడ మొదట కనబడేది అంగన్‌వాడీ టీచరు. బిడ్డను తూచేది, పేరుతో పిలిచేది, తోటి పిల్లలతో పోల్చి చూడగలిగేది ఆమె. ఆమె వెనుక ఆశా కార్యకర్త. 2013లో కేంద్రం ప్రారంభించిన బాలల స్వాస్థ్య కార్యక్రమం కింద పాఠశాలలకు, అంగన్‌వాడీలకు వైద్యబృందాలు వెళ్లి, 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షించాలి. వారు వెదకవలసిన జాబితాలో ఆటిజం ఉన్నది. ఆ పైన మండల కేంద్రంలో భవిత కేంద్రం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం విద్యాశాఖ నడిపే ఈ కేంద్రాలలో పనిచేసేవారిని ఐ.ఇ.ఆర్.పి.లు అంటారు. బడికి రాలేని బిడ్డ ఇంటికి వెళ్లి పాఠం చెప్పడం కూడా వీరి పనిలో భాగం. పత్రం కోసం సదరం శిబిరం. ఇదీ వరుస.

ఈ వరుసలో ప్రతి మెట్టుపైనా ఉన్నది ఒక మనిషే. ఆ మనిషి ఏమి చేస్తాడు, లేదా చేస్తుంది? పని చాలా సూక్ష్మం. మాట రాని బిడ్డకు గ్లాసు బొమ్మ గల అట్టముక్కను చేతికిచ్చి, దాన్ని ఇస్తే నీళ్లు దొరుకుతాయని నేర్పడానికి వారాలు పట్టవచ్చును. ఏడ్చి, కొరికి, తల కొట్టుకుంటున్న బిడ్డ మొండివాడు కాదని, మిక్సీ చప్పుడు భరించలేకపోతున్నాడని గుర్తించడానికి నెలలు పట్టవచ్చును. ఒక చొక్కా తొడుక్కొనడాన్ని పది చిన్న పనులుగా విడగొట్టి, చివరి పని మొదట నేర్పి, ఒక్కొక్కటే వెనుకకు జరగాలి. ఇవన్నీ కాగితంపై రాసిపెట్టుకొనాలి. ఆ కాగితం కన్న విలువైనది, ఆ బిడ్డను గూర్చి ఆ మనిషి మనసులో కూడిన జ్ఞానం.

అందువల్లనే జీతం మాట మళ్లీ ఎత్తవలసి వచ్చినది. ఐ.ఇ.ఆర్.పి.లలో అత్యధికులు ఒప్పంద పద్ధతిపై పనిచేసేవారు. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు లభించేది గౌరవవేతనం, పారితోషికం. ఒక గుమాస్తా వెళ్లిపోతే మరొక గుమాస్తా ఫైలు తీసుకొని కూర్చుంటాడు. ప్రత్యేక ఉపాధ్యాయిని వెళ్లిపోతే ఆమెతోపాటు ఫైలులో లేని రెండేళ్ల పరిచయం వెళ్లిపోతుంది. మార్పు సహించలేని బిడ్డకు అది తల్లి ఇల్లు విడిచి వెళ్లినట్టే. కొత్తవారితో పాఠం మళ్లీ మొదటి నుండి మొదలవుతుంది. గెరాన్ ఇల్లాలు విక్టర్ దగ్గర ఏళ్ల తరబడి ఉండగలగడానికి ఆమె మంచితనంతోపాటు, ప్రభుత్వం ఆపకుండా ఇచ్చిన ఆ కొద్దిపాటి జీతం కూడా కారణమని మరువరాదు.

భద్రాచల ప్రాంతానికే చెందిన సమస్య మరొకటి ఉన్నది. అది భాష. ఈ అడవులలో కోయవారి ఇళ్లు అనేకం. వారిలో చాలామందికి తెలుగు వచ్చును గాని, కొన్ని గూడేలలో బిడ్డ ఉగ్గుపాలతో విన్నది కోయభాషే. ఛత్తీస్‌గఢ్ వైపు నుండి వలసవచ్చి అడవిలో తలదాచుకున్న గొత్తికోయ కుటుంబాలలో తల్లులకు సైతం తెలుగు అంతంతమాత్రం. అటువంటి బిడ్డ మొదటిసారి బడికి వచ్చి, తెలుగులో అడిగినదానికి పలకకపోతే, అది ఆటిజమా, భాష తెలియని బెదురా? తెలియనివాడు రెండు విధాలా పొరబడగలడు. కోయ పలికే చురుకైన బిడ్డను మాట రానివాడనవచ్చును. నిజంగా మాట రాని బిడ్డను కోయపిల్లవాడు గనుక తెలుగు రాదులే అని విడిచిపెట్టవచ్చును. రెండవ పొరపాటు మొదటిదానికన్న ప్రమాదకరం. ఎందుకనగా అందులో బిడ్డ చేతికి అందవలసిన తొలి సంవత్సరాలు చేజారిపోతాయి. 40 అంశాల కొలమానంలోనైనా తల్లిని అడిగి తెలుసుకొనవలసినవి అనేకం ఉన్నవి. అడిగేవారికి తల్లి భాష రావాలి. కాబట్టి ఈ ప్రాంతంలో ఆటిజం సేవకు మొదటి అర్హత పెద్ద పట్టం కాదు. కోయలో ఒక తల్లిని పలకరించగలగడం. ఆ గూడెం నుండే వచ్చిన ఆడపిల్లకు శిక్షణ ఇచ్చి, ఆమెనే తిరిగి ఆ గూడేనికి పంపడం కన్న సులువైన మార్గం లేదు. ప్రసంగాలు చేసి బ్రతికే రేడియోవారికి ఈ సంగతి మరీ స్పష్టంగా తెలుసు: మాట ఎంత మంచిదైనా, వినేవాని భాషలో లేకపోతే అది చప్పుడే.

రాష్ట్రాల సరిహద్దు కూడా ఇక్కడ ఒక అడ్డు. ఎటపాక వైపు పల్లెవారికి సంత భద్రాచలం, బస్సు భద్రాచలం. కాని పింఛను, సదరం ఆంధ్రప్రదేశ్‌వి. బిడ్డకు కావలసినది దగ్గరగా ఉన్న ఉపాధ్యాయిని. ఆమె ఏ రాష్ట్రపు ఉద్యోగి అని బిడ్డ అడగడు.

పెద్ద సంస్థలు లేని చోట ఏమీ చేయలేమా అన్న నిరాశకు సమాధానం కానర్ మొదటి రోగి జీవితంలోనే ఉన్నది. డోనాల్డ్ కొంతకాలం తన ఊరికి సమీపాన ఒక రైతు దంపతుల ఇంట పెరిగినాడు. అతనికి లెక్కపెట్టడం, కొలవడం వ్యసనం. ఆ రైతు దానిని మాన్పించలేదు. దానికి పని చూపినాడు. బావి తవ్వి దాని లోతు కొలవమన్నాడు. మొక్కజొన్న సాళ్లు లెక్కపెట్టుకుంటూ దున్నమన్నాడు. డోనాల్డ్ దున్నినాడు. తరువాత బడికి వెళ్లినాడు, కాలేజీ చదివినాడు, తన ఊరి బ్యాంకులో ఉద్యోగం చేసినాడు, కారు నడిపినాడు, దేశాలు తిరిగినాడు. 2023లో 89 ఏళ్ల వయస్సులో తన ఊరిలోనే కన్నుమూసినాడు. కానర్ 1971లో ఆ 11 మందిని తిరిగి వెదకి చూసినప్పుడు, పెద్ద ప్రభుత్వ ఆశ్రమాలలో పడవేయబడినవారు చితికిపోయినారని, ఇటువంటి ఇంటిచాటు దొరికిన ఒకరిద్దరు నిలదొక్కుకున్నారని బాధతో రాసినాడు. ఆ రైతు దంపతులకు ఏ డిప్లొమా లేదు. బిడ్డకు ఉన్నదానిని చూసినారు. లేనిదానిని చూసి విలపించలేదు.

మన పల్లెలలో సాళ్లు లేవా? ఇప్పపూవు ఏరే పని, ఆకులు కట్టలు కట్టే పని, మేకలను లెక్కపెట్టి దొడ్డిలో తోలే పని—క్రమం కోరే బిడ్డకు క్రమమైన పనులు ఎన్నో ఉన్నవి. కాని రైతు దంపతుల కథను చెప్పి ప్రభుత్వం తన బాధ్యత నుండి తప్పుకొనరాదు. ఇల్లు ఆధారం, శిక్షణ పొందిన మనిషి ఆ ఇంటికి వెలుగు. ఒకటి రెండవదానికి బదులు కాదు.

ఈ పుటలు చదివే గృహస్థులకు చివరగా ఒక విన్నపం. ఏడాది నిండిన బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, ఏడాదిన్నర వచ్చినా కావలసినదాన్ని వేలితో చూపకపోతే, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకకపోతే, వచ్చిన మాట ఏ వయస్సులోనైనా పోతే—మేనమామకు కూడా ఆలస్యంగానే మాట వచ్చినదని ఊరుకొనవద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. ఆ తరువాత పిల్లల వైద్యునికి చూపించండి. బిడ్డను దాచవద్దు. తల్లిని నిందించవద్దు, ఆ నింద అబద్ధమని 1969లోనే తేలిపోయినది. మీ ఊరి అంగన్‌వాడీలో, భవిత కేంద్రంలో ఇటువంటి పిల్లలతో పనిచేసే మనిషి ఉంటే, ఆమె పేరు తెలుసుకొనండి. ఆమెకు జీతం నెలనెలా అందుతున్నదా, బస్సు ఖర్చు ఎవరు ఇస్తున్నారు, వచ్చే ఏడు కూడా ఆమె ఇక్కడే ఉంటుందా అని అడగండి. పంచాయతీలో అడగండి, మండలంలో అడగండి. లండనులో తల్లిదండ్రులు పాఠశాలకన్న ముందు ఒక ఉపాధ్యాయినిని చూసినారు. ఆమె కోసమే పాఠశాల కట్టినారు. మన దగ్గర ఉపాధ్యాయిని ఇప్పటికే వచ్చి ఉన్నది. ఆమెను నిలుపుకొనడమే మన పని.